జైలులో చికిత్స, ఖైదీకి న్యాయప్రక్రియ

ఎవరి స్మృతికి ఈ సభ అంకితమైందో ఆ దివంగత న్యాయవాది తన వృత్తి జీవితంలో అధికభాగాన్ని శిక్ష ఖరారైన తరువాతి దశకు, అంటే వకీలు పని ముగిసిందని సాధారణంగా అందరూ భావించే దశకు, వెచ్చించారు. న్యాయస్థానం శిక్ష కాలాన్ని మాత్రమే నిర్ణయిస్తుందనీ, ఆ కాలం ఎలా గడవాలో, వాస్తవంగా ఎప్పుడు ముగియాలో తేల్చేది జైలు గోడల లోపలి అధికారమేననీ, కాబట్టి న్యాయశాస్త్రం తీర్పు దగ్గర ఆగిపోకూడదనీ ఆయన నమ్మారు. ఆ నమ్మకానికి తగిన విషయాన్నే ఈ ఉపన్యాసం స్వీకరిస్తున్నది. మత్తుమందుల వ్యసనానికి జైలులో చికిత్స పొందుతున్న ఖైదీకి న్యాయప్రక్రియ హక్కు ఏ మేరకు ఉన్నది, ఏ మేరకు ఉండాలి అన్నది ఇక్కడి ప్రశ్న. చర్చ ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం చుట్టూ తిరుగుతుంది. ఈ సమస్యను అంత పెద్దయెత్తున తెచ్చిపెట్టుకున్నదీ, దానిపై అంత విస్తారంగా తీర్పులు వెలువరించినదీ ఆ దేశమే.

న్యాయప్రక్రియ హక్కు, అంటే అక్కడి రాజ్యాంగం డ్యూ ప్రాసెస్ అని పిలిచేది, స్థూలంగా చెప్పాలంటే ఒక మనిషి ప్రాణాన్నో, స్వేచ్ఛనో, ఆస్తినో రాజ్యం హరించే ముందు అతనికి కారణం తెలియజేయాలనీ, అతని మాట వినాలనీ, పక్షపాతం లేని వ్యక్తి నిర్ణయించాలనీ, ఆ నిర్ణయానికి ఆధారం చూపాలనీ కోరే హక్కు. ఈ హక్కు చరిత్రలో ఒక విచిత్రమైన అసమానత కనిపిస్తుంది. శిక్షిస్తున్నానని రాజ్యం చెప్పినప్పుడు న్యాయస్థానాలు ప్రక్రియ ఏదని అడుగుతూ వచ్చాయి. బాగుచేస్తున్నానని చెప్పినప్పుడు ఆ ప్రశ్నను సడలించాయి, కొన్నిసార్లు పూర్తిగా వదిలేశాయి. దయతో చేసే పనికి దస్తావేజులెందుకన్నది ఆ సడలింపు వెనుకనున్న భావన. అయితే చికిత్సకూ విడుదల తేదీకీ ముడి పడిన నాటి నుంచి చికిత్సకుడి అభిప్రాయం శిక్షాకాలాన్ని నిర్ణయించే తీర్పుగా మారుతుంది. తీర్పు చెప్పే అధికారం ఎక్కడుంటే తీర్పుకు వర్తించే నియమాలు అక్కడికి వెళ్లి తీరాలి. ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది ఇదొక్కటే. దీనికి ఆధారాలు ఒకటిన్నర శతాబ్దపు జైలు చరిత్రలో ఉన్నాయి.

బానిసత్వాన్ని రద్దుచేసిన 1865 నాటి 13వ సవరణ నేరానికి శిక్షగా విధించే నిర్బంధ చాకిరీని మినహాయించింది. న్యాయప్రక్రియ లేకుండా ఎవరి స్వేచ్ఛనూ రాష్ట్రాలు హరించరాదన్న 14వ సవరణ 1868లో వచ్చింది. ఈ రెండింటి నడుమ ఖైదీ ఎక్కడ నిలబడతాడో 1871లో వర్జీనియా అత్యున్నత న్యాయస్థానం రఫిన్ కేసులో నిర్మొహమాటంగా చెప్పింది: శిక్షాకాలంలో ఖైదీ రాజ్యానికి బానిస, చట్టం దయతలచి ఇచ్చినవి తప్ప అతనికి వేరే హక్కులు లేవు. ఆ తరువాత దాదాపు తొంభై ఏళ్లపాటు, జైలు లోపలి వ్యవహారాల్లో వేలు పెట్టరాదన్న సంయమనం పేరిట, అమెరికా న్యాయస్థానాలు ఆచరణలో ఈ దృష్టినే కొనసాగించాయి.

బానిస అన్న మాట క్రమంగా వాడుకలో నుంచి తొలగి, దాని స్థానంలోకి రోగి అన్న మాట వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా సంస్కరణాలయం 1876లో ప్రారంభమైనప్పుడు దాని అధిపతి జెబులన్ బ్రాక్‌వే అనిర్దిష్ట శిక్షను ఆచరణలోకి తెచ్చాడు. విడుదల తేదీని ముందుగా న్యాయమూర్తి ఖాయం చేయకుండా, ఖైదీ నడవడికకు మార్కులు వేసి, అతడు బాగుపడ్డాడని సంస్థ భావించినప్పుడు బయటికి పంపే పద్ధతి అది. నాటి ప్రపంచానికి ఎంతో ఉదాత్తంగా తోచిన ఆ ఏర్పాటులో గడువుపై అధికారం న్యాయస్థానం నుంచి జైలు కార్యాలయానికి నిశ్శబ్దంగా చేతులు మారింది. ఆ సంస్థలోనే ఖైదీలను పట్టీలతో కొడుతున్నారన్న ఆరోపణలపై 1890లలో అధికారిక విచారణ జరిగింది. సంస్కర్త చేతిలో మార్కుల పుస్తకమూ కొరడా ఒకేచోట ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండింటికీ పైన జవాబు చెప్పుకోవలసిన చోటు లేకపోవడమే కారణం.

మత్తుమందుల విషయంలో ఈ ఆలోచనకు నిలువెత్తు రూపం కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో కనిపిస్తుంది. 1914 నాటి హారిసన్ చట్టం తరువాత నల్లమందు సంబంధిత పదార్థాలకు అలవాటుపడినవారు ఫెడరల్ జైళ్లలో నిండిపోవడంతో, వారికోసం ప్రత్యేక సంస్థలు నెలకొల్పాలని 1929లో కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం 1935లో లెక్సింగ్టన్‌లో వెయ్యి ఎకరాల ప్రాంగణంలో మొదటి సంస్థ, 1938లో టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో రెండవది వెలిశాయి. జనం వాటిని నార్కోటిక్ ఫార్మ్ అని పిలిచేవారు. నిర్వహణ జైళ్ల శాఖది కాక ప్రజారోగ్య సేవల శాఖది. పొలం పని, పాలకేంద్రం, కుట్టుపని, వైద్యుల పర్యవేక్షణ అక్కడి దినచర్య. స్వచ్ఛందంగా వచ్చిన రోగులూ శిక్షపడిన ఖైదీలూ ఒకే కప్పుకింద ఒకే చికిత్స పొందేవారు. తేడా ఒక్కటే: మొదటివారు ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు. ఆ ప్రాంగణంలోనే వ్యసన పరిశోధన కేంద్రం పనిచేసింది. ఖైదీలపై కొత్త మత్తుమందుల ప్రభావాన్ని పరీక్షించిన ఆ కేంద్రం, ప్రయోగాలకు ఒప్పుకున్న వారికి ప్రతిఫలంగా కొంతకాలం మత్తుమందునే ఇచ్చింది, లేదా శిక్షాకాలంలో తగ్గింపు ఇచ్చింది. వ్యసనం మాన్పించవలసిన చోట ఆ వ్యసనాన్నే కూలిగా చెల్లించిన ఈ వ్యవహారం 1975లో సెనేట్ విచారణలో బయటపడింది; మరుసటి ఏడాది ఫెడరల్ జైళ్లలో అలాంటి పరిశోధన ఆగిపోయింది. నిర్బంధంలో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకంటె కఠినమైన ఉదాహరణ దొరకదు. అక్కడ పనిచేసిన వైద్యుల్లో చాలామంది సద్బుద్ధితోనే పనిచేశారన్నది కూడా మరవరాదు. సమస్యను జటిలం చేసేది ఆ సద్బుద్ధే.

1962లో రాబిన్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, మత్తుమందుకు బానిసై ఉండటమనే స్థితినే నేరంగా పరిగణించి కనీసం 90 రోజుల జైలు విధించిన కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టివేసింది. వ్యసనం ఒక రోగమనీ, రోగానికి శిక్ష వేయడం క్రూరమనీ ధర్మాసనం పలికింది. ఆ తీర్పు వెలువడే నాటికి అప్పీలుదారు మరణించి కొన్ని నెలలు గడిచాయన్న సంగతి న్యాయస్థానానికి తెలియదు. మానవీయమైన ఈ తీర్పే మరో ద్వారాన్ని తెరిచి ఉంచింది: శిక్షించరాదు గాని నిర్బంధ చికిత్సకు పంపవచ్చు, అందుకోసం బలవంతంగా బంధించి ఉంచవచ్చు. కాలిఫోర్నియా అప్పటికే ఆ దారిలో ఉంది. నార్కో పట్టణంలోని దాని పునరావాస కేంద్రానికి పేరుకు రోగులే వెళ్లేవారు గాని, కాపలా కాసినది దిద్దుబాటు శాఖ. 1966లో ఫెడరల్ ప్రభుత్వమూ వ్యసనపరుల పునరావాస చట్టం పేరిట ఇలాంటి ఏర్పాటే చేసింది.

మేలు చేయాలన్న ఉద్దేశం ప్రక్రియకు ప్రత్యామ్నాయమవుతుందా అన్న ప్రశ్న 1967లో బాలల న్యాయస్థానాల సందర్భంలో ముందుకు వచ్చింది. గాల్ట్ కేసులో అరిజోనాకు చెందిన పదిహేనేళ్ల బాలుణ్ణి అసభ్యమైన ఫోన్ సంభాషణ ఆరోపణపై, సరైన నోటీసూ న్యాయవాదీ సాక్షుల విచారణా లేకుండా, ఇరవై ఒక్క ఏళ్లు నిండేవరకు పారిశ్రామిక పాఠశాలకు పంపారు. అదే పనికి పెద్దవారికి పడే గరిష్ఠ శిక్ష రెండు నెలల జైలు లేదా యాభై డాలర్ల జరిమానా. బాలల కోర్టు తండ్రిలాంటిది, తండ్రికి నియమాలెందుకన్న వాదనను సుప్రీంకోర్టు తిరస్కరించింది. సంస్థకు పెట్టిన పేరును పక్కనపెట్టి తలుపుకు తాళం ఉందా లేదా అన్నది చూసిన ఆ తీర్పు, జైలు చికిత్సపై ఆలోచించే ఎవరికైనా మొదటి పాఠం.

ఆ పాఠాన్ని చికిత్సా సంస్థలకు నేరుగా అన్వయించినది 1972 నాటి మెక్‌నీల్ తీర్పు. మేరీలాండ్ రాష్ట్రంలో ప్యాటక్సెంట్ అనే సంస్థ 1955 నుంచి నడుస్తున్నది. అప్పట్లో మానసిక వైద్యుల ఆధ్వర్యంలో నడిచిన జైలు అది. దాడి నేరంపై అయిదేళ్ల శిక్షపడిన ఖైదీ ఒకరిని, చికిత్స అవసరమో కాదో పరీక్షించడానికి అక్కడికి పంపారు. తన మాటలే తనకు ప్రతికూల సాక్ష్యమవుతాయన్న భయంతో అతడు వైద్యులతో మాట్లాడటానికి నిరాకరించాడు. పరీక్ష పూర్తికాలేదన్న కారణం చూపి, అయిదేళ్లు గడిచిపోయాక కూడా సంస్థ అతణ్ణి విడువలేదు. అంటే అతడు శిక్ష కిందా లేడు, రోగిగా నిర్ధారణా కాలేదు. సహకరించనందుకు మాత్రమే బంధితుడయ్యాడు. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతణ్ణి విడుదల చేసింది. తాత్కాలిక పరీక్షకోసం సడలించిన నియమాలను శాశ్వత నిర్బంధానికి వాడరాదన్నది ఆ తీర్పు సారం. సహకారం అన్న మాట ఇప్పటికీ ప్రతి చికిత్సా కార్యక్రమపు నియమావళిలో ఉంది. దాన్ని కొలిచే బాధ్యత ఎవరిది, ఏ ఆధారంతో అన్న ప్రశ్నా అలాగే ఉంది. రెండేళ్ల తరువాత, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఫెడరల్ ఖైదీల వైద్యకేంద్రంలో స్టార్ట్ అనే ప్రవర్తన సవరణ కార్యక్రమం వివాదాస్పదమైంది. అక్కడ ఖైదీలకున్న సౌకర్యాలన్నీ ముందు లాగేసుకుని, మంచి నడవడికకు బహుమతిగా ఒక్కొక్కటే తిరిగి ఇచ్చేవారు. అలాంటి కార్యక్రమానికి పంపే ముందు విచారణ జరపాలని దిగువ ఫెడరల్ న్యాయస్థానం చెప్పింది.

1974లోనే వుల్ఫ్ వర్సెస్ మెక్‌డొనెల్ కేసులో సుప్రీంకోర్టు, సత్ప్రవర్తనకు దక్కే శిక్ష తగ్గింపును క్రమశిక్షణ చర్యగా రద్దుచేసే ముందు పాటించవలసిన కనీస మర్యాదలను నిర్దేశించింది: విచారణకు 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు, జైలు భద్రతకు భంగం కలగనంత మేరకు సాక్షులను పిలిచే అవకాశం, ఏ ఆధారంతో ఏ కారణంగా నిర్ణయం తీసుకున్నారో తెలిపే రాతప్రతి. న్యాయవాదిని పెట్టుకునే హక్కును మాత్రం అంగీకరించలేదు. ఈ వరుసలో అన్నిటికంటె లోతైనది 1980 నాటి విటెక్ వర్సెస్ జోన్స్ తీర్పు. నెబ్రాస్కాలో ఒక ఖైదీని జైలు నుంచి మానసిక వైద్యశాలకు బదిలీ చేయడానికి వైద్యుడి మాట చాలునని చట్టం చెప్పేది. శిక్షపడిన మనిషిని ఒక చోటునుంచి మరోచోటుకు మార్చడం జైలు అధికారంలోనిదే కదా అన్న వాదనకు న్యాయస్థానం ఇచ్చిన జవాబు గమనించదగ్గది. నేరనిర్ధారణ మనిషి శరీరాన్ని బంధించే అధికారం ఇచ్చింది గాని, అతనిపై మతిస్థిమితం లేనివాడన్న ముద్ర వేసి, ప్రవర్తనను మార్చే నిర్బంధ చికిత్సకు గురిచేసే అధికారం దానిలో ఇమిడి లేదని అది పలికింది. వైద్య నిర్ణయం కదా, న్యాయ నియమాలు దానికెందుకన్న అభ్యంతరాన్నీ తోసిపుచ్చింది. వైద్య నిర్ధారణలో పొరపాటుకు అవకాశం ఉంది కనుకనే నోటీసూ విచారణా స్వతంత్ర నిర్ణేతా అవసరమని వివరించింది.

ఈ తర్కాన్ని మత్తుమందుల చికిత్సకు విస్తరిస్తే సమస్య చాలావరకు తీరిపోయి ఉండేది. అలా జరగలేదు. అప్పటికే, 1976లో, మూడీ వర్సెస్ డాగెట్ అనే కేసులో, పెరోల్ ఉల్లంఘన వారెంటుకు సంబంధించిన వేరొక వివాదం నడుమ, ఖైదీల వర్గీకరణకూ పునరావాస కార్యక్రమాలకు వారి అర్హతకూ న్యాయప్రక్రియ హక్కు వర్తించదని సుప్రీంకోర్టు ఒక అధోజ్ఞాపికలో రాసింది. చికిత్సలో చోటు అడగడం ఒక వరాన్ని అడగడం లాంటిదన్న దృష్టి దానిలో ఉంది. ఆ అధోజ్ఞాపిక తరువాతి దశాబ్దాల్లో ఎన్నో పిటిషన్లను మొదటి మెట్టు దగ్గరే ఆపేసింది. చికిత్స అదనపు సౌకర్యంగా మాత్రమే ఉన్న కాలంలో దాన్ని కొంతవరకు సమర్థించవచ్చు. రాబర్ట్ మార్టిన్సన్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం తరువాత జైలు సంస్కరణ కార్యక్రమాలేవీ ఫలించవన్న నిరాశ వ్యాపించడం, 1984 నాటి శిక్షా సంస్కరణ చట్టం ఫెడరల్ వ్యవస్థలో పెరోల్‌నే రద్దుచేయడం ఈ కాలపు పరిణామాలు. శిక్ష అంటే నిర్ణీతకాలం, చికిత్స అంటే ఇష్టముంటే తీసుకునేది అన్న సూటి విభజన కొన్నేళ్లు నడిచింది.

1994లో కాంగ్రెస్ ఆ విభజనను చెరిపేసింది. ఆ ఏటి నేర నియంత్రణ చట్టం ప్రకారం హింసాత్మకం కాని నేరానికి శిక్షపడిన ఫెడరల్ ఖైదీ జైలులో నివాస చికిత్సా కార్యక్రమాన్ని విజయవంతంగా పూర్తిచేస్తే, జైళ్ల శాఖ అతని శిక్షను ఒక ఏడాది వరకు తగ్గించవచ్చు. ఖైదీలు ఆర్‌డాప్ అని పిలుచుకునే ఈ కార్యక్రమం కనీసం 500 గంటలు సాగుతుంది. పాల్గొనేవారు సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలలు ప్రత్యేక విభాగంలో కలిసి నివసిస్తారు, సగం రోజు చికిత్సకూ సగం రోజు పనికీ కేటాయిస్తారు, ఒకరి లోపాలను ఒకరు సమావేశంలో ఎత్తిచూపుతారు, ఆ తరువాత బయటి పరివర్తన గృహంలో మిగతా భాగం పూర్తిచేస్తారు. పెరోల్ లేని వ్యవస్థలో ఒక ఏడాది ముందుగా ఇల్లు చేరడమంటే ఏమిటో ఖైదీ కుటుంబాలకు తెలుసు. ఈ తగ్గింపుకు ఎవరు అర్హులు అన్న ప్రశ్న 2001లో లోపెజ్ వర్సెస్ డేవిస్ కేసులో సుప్రీంకోర్టుకు వచ్చింది. నేరంలో తుపాకి ప్రమేయం ఉన్న ఖైదీలందరినీ, వారి వ్యక్తిగత పరిస్థితి చూడకుండానే, తగ్గింపు నుంచి మినహాయిస్తూ జైళ్ల శాఖ చేసిన నిబంధనను ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీ సమర్థించింది. తగ్గించవచ్చు అని చట్టం అన్నది గాని తగ్గించాలి అనలేదు కనుక శాఖకు విచక్షణ ఉందన్నది వారి వాదన.

కార్యక్రమంలో చేరి, ఎనిమిది నెలలు గడిపి, చివరి నెలలో బహిష్కరణకు గురైన ఖైదీ పరిస్థితి ఇంకా క్లిష్టం. నిబంధనల ప్రకారం కార్యక్రమ సమన్వయకర్త, సాధారణంగా ఒక రాతపూర్వక హెచ్చరిక తరువాత, సంతృప్తికరంగా పాల్గొనడం లేదన్న కారణంతో ఖైదీని తొలగించవచ్చు. హింసకూ మత్తుమందు వాడకానికీ హెచ్చరిక కూడా అక్కరలేదు. తొలగింపుతో ముందస్తు విడుదల అర్హత పోతుంది. జైలులో గొడవపడినందుకు నలభై రోజుల తగ్గింపు కోల్పోయే ఖైదీకి వుల్ఫ్ తీర్పు ప్రకారం నోటీసూ విచారణా రాతప్రతీ దక్కుతాయి. సమూహ చర్చలో మనస్ఫూర్తిగా మాట్లాడటం లేదన్న అభిప్రాయంతో ఏడాది తగ్గింపు కోల్పోయే ఖైదీకి శాఖ లోపలి ఫిర్యాదు మార్గం తప్ప వేరేది లేదు. అలాంటి ఒక తొలగింపుపై వచ్చిన రీబ్ వర్సెస్ థామస్ కేసులో 2011లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం, పరిపాలనా నిర్ణయాలపై న్యాయసమీక్షకు వీలిచ్చే సాధారణ చట్టం ఈ రకం నిర్ణయాలకు వర్తించకుండా 1984 చట్టమే మినహాయించిందని చెప్పి, వ్యక్తిగత తొలగింపులను పరిశీలించే అధికారం తనకు లేదని తేల్చింది. జైలు జీవితపు మామూలు ఇబ్బందులతో పోలిస్తే అసాధారణమైన, తీవ్రమైన కష్టం కలిగినప్పుడే న్యాయప్రక్రియ హక్కు పుడుతుందని 1995లో శాండిన్ తీర్పు గీసిన గీత ఈ ద్వారాన్ని ఇంకా ఇరుకు చేసింది. దక్కవలసిన ఏడాది దక్కకపోవడం కష్టం కాదు, వరం రాకపోవడం మాత్రమే అన్నది న్యాయస్థానాల లెక్క. ఈ లెక్క తర్కానికి నిలబడుతుందేమో గాని, న్యాయానికి నిలబడదు. చేతికి అందబోయే స్వేచ్ఛను ఆశచూపి ఖైదీ శ్రమనూ మనసులోని మాటలనూ రాబట్టుకున్న రాజ్యం, ఆ ఆశను ఏ కారణంతో వెనక్కి తీసుకున్నదో చెప్పనవసరం లేదనడం ఒప్పందాల నీతికి కూడా విరుద్ధం.

మనసులోని మాటలను రాబట్టుకోవడం అన్నది ఇక్కడ అలంకారం కాదు. సమూహ చికిత్సలో గతాన్ని ఒప్పుకోవడమే ప్రధాన ఔషధం. ఎప్పుడెప్పుడు ఏం వాడారో, డబ్బు ఎలా తెచ్చారో, ఎవరిని మోసగించారో చెప్పమంటారు. 2002లో మెక్యూన్ వర్సెస్ లైల్ కేసులో, లైంగిక నేరస్థుల చికిత్సలో భాగంగా విచారణకు రాని గత నేరాలనూ రాసివ్వాలన్న కాన్సస్ రాష్ట్ర నిబంధనకు ఖైదీ ఒకరు నిరాకరించాడు. ఫలితంగా కఠిన భద్రత గల విభాగానికి మార్పు, సౌకర్యాల తగ్గింపు ఎదురయ్యాయి. ఇది స్వయం ప్రతికూల సాక్ష్యానికి బలవంతం కాదని ధర్మాసనం స్వల్ప మెజారిటీతో తేల్చింది. అయితే అక్కడ శిక్షాకాలం పెరగదన్న అంశం ఆ నిర్ణయంలో కీలకం. శిక్షాకాలమే తేడా పడే మత్తుమందుల కార్యక్రమాలకు ఆ తీర్పును యథాతథంగా అన్వయించడం తగదు. న్యాయప్రక్రియ వాదన విఫలమైన చోట ఖైదీలకు ఊరట ఇతర ద్వారాల నుంచి వచ్చింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతిలోని పన్నెండు మెట్లలో పలుచోట్ల దైవప్రస్తావన ఉంటుంది. నాస్తికుడైన ఖైదీని సౌకర్యాల ఎరతో అలాంటి కార్యక్రమానికి పంపరాదని 1996లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం గ్రిఫిన్ కేసులోనూ, అదే ఏడాది ఏడవ సర్క్యూట్ న్యాయస్థానం కెర్ కేసులోనూ మతస్వేచ్ఛ ఆధారంగా తీర్పులిచ్చాయి. బయట మెథడోన్, బుప్రనార్ఫిన్ వంటి మందులతో కుదుటపడిన వారికి జైలులో ఆ మందు ఆపేయడాన్ని 2018లో మసాచూసెట్స్‌లోనూ 2019లో మెయిన్ రాష్ట్రంలోనూ ఫెడరల్ న్యాయస్థానాలు అడ్డుకున్నది వికలాంగుల హక్కుల చట్టం బలంతో. మతం గాని, అంగవైకల్య చట్టం గాని సాయానికి రాని మామూలు ఖైదీ మాత్రం బయటే మిగిలాడు.

జైలు అధికారుల పక్షాన చెప్పవలసినది తక్కువేమీ కాదు. చికిత్స నమ్మకం మీద నడుస్తుంది. ప్రతి నిర్ణయమూ వివాదమైతే చికిత్సకుడు ప్రతివాదిగా మారిపోతాడు. నిజంగా మారదలచిన వారి మధ్య, శిక్ష తగ్గింపు కోసమే నటించేవారిని గుర్తించే స్వేచ్ఛ లేకపోతే కార్యక్రమమే చెడుతుంది. ఈ వాదనలో బలముంది. 1976 నాటి మాథ్యూస్ వర్సెస్ ఎల్డ్రిడ్జ్ తీర్పు ఇలాంటి చోట తూకం వేయడానికే ఒక పద్ధతి చెప్పింది: వ్యక్తికి ఎంత నష్టం, ఇప్పుడున్న పద్ధతిలో పొరపాటు జరిగే అవకాశమెంత, అదనపు రక్షణ వల్ల ప్రభుత్వానికి పడే భారమెంత. ఒక ఏడాది స్వేచ్ఛ పోవడం పెద్ద నష్టం; మనస్ఫూర్తిగా పాల్గొనడం లేదన్న అంచనాలో పొరపాటుకు తావు చాలా ఎక్కువ; ఒక నోటీసు, ఒక విచారణ, కారణాలతో ఒక కాగితం అంత భారమేమీ కాదు. నిర్ణేత న్యాయమూర్తే కానక్కరలేదు. ఖైదీకి ఇష్టం లేకుండా మానసిక ఔషధాలు ఇవ్వడంపై 1990లో వచ్చిన వాషింగ్టన్ వర్సెస్ హార్పర్ తీర్పు, ఆ ఖైదీకి అప్పుడు చికిత్స చేస్తున్న వైద్యులు లేని అంతర్గత సంఘం చాలునన్నది. చికిత్స చేసినవారే తీర్పరి కాకూడదన్న ఆ ఒక్క సూత్రం మత్తుమందుల కార్యక్రమాల్లో తొలగింపులకు పాటించినా పరిస్థితి చాలావరకు మారుతుంది. మూత్ర పరీక్షల విషయంలోనూ ఇంతే. జైలు క్రమశిక్షణ నిర్ణయానికి ఏదో కొంత ఆధారం ఉంటే చాలునని 1985 నాటి హిల్ తీర్పు చెప్పిన తరువాత, ప్రాథమిక పరీక్ష ఫలితాన్ని మరింత కచ్చితమైన రెండో పరీక్షతో సరిచూడటం ఖైదీ హక్కుగా స్థిరపడలేదు.

ఈ చరిత్ర భారతదేశానికి పరాయిది కాదు. న్యాయప్రక్రియ అన్న పదబంధాన్నే మన రాజ్యాంగం కావాలని పక్కన పెట్టింది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికాలో జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసిన తరువాత, చట్టం నిర్దేశించిన పద్ధతి అన్న మాట 21వ అధికరణలో చేరింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగసభలో ఆ మార్పును సమర్థించారు. ఆ పద్ధతి న్యాయమైనదై ఉండాలన్న అర్థం 1978లో మేనకా గాంధీ తీర్పుతో తిరిగి చేరింది. ఖైదీ విషయంలో అంతకు ముందే విశాఖపట్నం కేంద్ర కారాగారం నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి నక్సలైటు ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, వుల్ఫ్ తీర్పు వచ్చిన 1974లోనే, శిక్షపడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని న్యాయస్థానం చెప్పింది. కోరిన ఊరట మాత్రం వారికి దక్కలేదు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ నేరాన్ని చికిత్సకు లొంగే రుగ్మతగా చూడాలని వాదించారు. మరుసటి ఏడాది సునీల్ బాత్రా కేసులో ఆయనే, జైలు లోపల అదనపు కాఠిన్యం విధించాలంటే న్యాయమైన ప్రక్రియ ఉండాలన్నారు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం అవసరం. మొదటిదాన్ని మాత్రమే గుర్తుంచుకున్న చోట ఎల్మైరా మళ్లీ తలెత్తుతుంది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, చికిత్సను ప్రధానంగా రెండుచోట్ల ప్రస్తావిస్తుంది. 39వ సెక్షన్ ప్రకారం, వ్యసనపరుడైన దోషిని అతని సమ్మతితో, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స కోసం న్యాయస్థానం పూచీకత్తుపై విడుదల చేయవచ్చు. ఏడాదిలోగా చికిత్స ఫలితంపై నివేదిక ఆ న్యాయస్థానం ముందుకే రావాలి. నిర్ణేత న్యాయమూర్తిగానే మిగిలిన ఈ ఏర్పాటు ఆర్‌డాప్ కంటె మెరుగైనది. 64ఎ సెక్షన్ కథ వేరు. స్వల్ప పరిమాణానికీ వాడకానికీ సంబంధించిన నేరారోపణ ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు వెళితే అతనిపై విచారణ జరగదు. చికిత్సను పూర్తిగా తీసుకోకపోతే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. పూర్తి అయిందో లేదో ఎవరు తేలుస్తారు, తేల్చేముందు ఎవరి మాట వింటారు అన్నది ఆ సెక్షన్ చెప్పదు. వ్యసన సంబంధిత స్థితులను మానసిక రుగ్మత నిర్వచనంలో చేర్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సమ్మతికి, సమీక్షా మండలికి చోటిచ్చింది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది. ఆ కేంద్రంలోని రోగికి దక్కే సమీక్ష, పక్క బ్యారక్‌లో డీ-అడిక్షన్ కార్యక్రమంలో ఉన్న ఖైదీకి దక్కుతుందా అన్నది ఆచరణలో స్పష్టం కావలసి ఉంది.

తెలుగు రాష్ట్రాల జైళ్లలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన మలుపు ఉంది. గంజాయి కేసుల్లో లోపలున్నవారిలో విచారణ ఖైదీలు చాలామంది. 37వ సెక్షన్ బెయిలును కష్టతరం చేయడం వల్ల వారి రిమాండు నెలల తరబడి సాగుతుంది. విచారణ ఖైదీ డీ-అడిక్షన్ విభాగంలో చేరితే, తాను వాడానని కౌన్సెలర్‌కు చెప్పిన మాట కేసు ఫైలు దాకా వెళ్లదన్న హామీ అతనికి ఎవరిస్తారు? నార్కో-అనాలిసిస్ పరీక్షలకు బలవంతం చేయరాదన్న 2010 నాటి సెల్వీ తీర్పు విచారణ గదికి వర్తిస్తుంది గాని, చికిత్స గదిలోని సంభాషణ గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. కేంద్ర హోంశాఖ 2023లో రాష్ట్రాలకు పంపిన నమూనా కారాగార చట్టం ఆధారంగా తమ చట్టాన్నీ నియమావళినీ రాసుకునే ప్రభుత్వాలు దానిలో నాలుగు వాక్యాలు చేర్చవలసి ఉంది. చికిత్సలో చెప్పినది దర్యాప్తుకు గాని విచారణకు గాని వాడరాదు. చేరనందుకు ఏ ఖైదీకీ ఉన్న సౌకర్యం పోరాదు. చికిత్స నుంచి తొలగించడం వల్ల రెమిషన్‌కో, పెరోల్‌కో, 64ఎ రక్షణకో నష్టం కలిగేటట్లయితే ముందుగా రాతపూర్వక కారణం ఇచ్చి, ఆ కార్యక్రమంతో సంబంధం లేని అధికారి ఎదుట, కోరుకున్న వ్యక్తి సాయంతో మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలి. ఆ నిర్ణయపు ప్రతి నేరుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి.